ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు కొత్తవి, కేబులు కొత్తది, అయినా లింకు లైటు వెలగట్లేదు

కాటారూమ్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాను. బిల్లింగు, కంప్యూటర్లు, సీసీ కెమెరాలు అన్నీ నా నెత్తినే. చదివింది బీకాం, నెట్‌వర్కింగ్ అంతా పని మీద పడి నేర్చుకున్నదే, కాబట్టి తప్పుగా రాస్తే తిట్టకుండా చెప్పండి.

మా గేటు పక్కన లారీ కాటా ఉంది, ఆఫీసేమో ఆ చివర. కేబులు దారి కొలిస్తే 650 మీటర్లు. ఒకప్పుడు ప్రహరీ గోడ వెంబడి లాన్ కేబులే లాగి వంద మీటర్లకో నెట్‌వర్క్ స్విచ్చు పెట్టారట. ఒక వర్షాకాలం పిడుగు పడి వరసగా నాలుగు స్విచ్చులు పోయాయి. తర్వాత అటో యాంటెనా ఇటో యాంటెనా బిగించారు, అది బాగానే ఉండేది కానీ సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుగా వేసుకొచ్చిన లారీ సరిగ్గా మధ్యలో ఆగితే సిగ్నల్ పోయేది, కాటా బరువు ఆఫీసులో కనపడేది కాదు, వెనక లారీలవాళ్లు హారన్లు.

చివరికి ఓనరు గారు ఫైబర్‌కి ఒప్పుకున్నారు. నాలుగు కోర్ల (అంటే నాలుగు గాజు పోగుల) సింగిల్ మోడ్ కేబులు, దూరాలకి వాడే రకం, వేయించాం. రెండు వైపులా గోడకి డబ్బాలు బిగించి స్ప్లైసింగు (పోగులు అతికించడం) చేసి వెళ్లారు. ఒక్క కోరుతో నడిచే మాడ్యూళ్లు తెచ్చుకోండి, మిగతా మూడూ స్పేరుగా ఉంటాయి అన్నారు కేబులు వాళ్లు. విజయవాడ వెళ్లి రెండు ఎస్‌ఎఫ్‌పీలు, అంటే ఫైబర్ తగిలించడానికి స్విచ్చు గూట్లో దూర్చే చిన్న మాడ్యూళ్లు, తెచ్చాను. జత కావాలని అడిగితే ఒకే పెట్టెలోంచి రెండు తీసి ఇచ్చారు. రెండూ అచ్చం ఒకటే, లేబుల్ మీద కూడా 1.25జి, టీఎక్స్ 1310, ఆర్‌ఎక్స్ 1550, 20 కి.మీ. అనే ఉంది. రెండు స్విచ్చుల్లో పెట్టి, గోడ డబ్బా నుంచి మాడ్యూలుకి ప్యాచ్ కార్డులు (పొట్టి ఫైబర్ తీగలు) తగిలిస్తే లింకు లైటు రాలేదు. అటూ ఇటూ మార్చి చూశాను, పోర్టు మార్చాను, స్విచ్చు ఆపి వేశాను, ఏమీ లేదు.

కేబులు మనిషి వచ్చి ఒక ఎర్ర లైటు పెన్ను పెట్టి అవతల వెలుగు వస్తోంది చూడు, నా కేబులు బంగారం అన్నాడు. షాపు వాళ్లకి ఫోన్ చేస్తే మా మాడ్యూలు బాగానే ఉంది, మీ స్విచ్చే తేడా అన్నారు. ఓనరు గారు ఏమీ అనట్లేదు, ఊరికే నా వంక చూస్తున్నారు. అదే ఎక్కువ టెన్షన్.

ఇంకో సందేహం కూడా. ఈ వేలెడంత డబ్బాలో అసలేముంది? కంపెనీ వాడు ఫైబర్ పోర్టునే స్విచ్చులో పెట్టి ఇవ్వొచ్చు కదా, ఖాళీ గూడు ఇచ్చి ఇది మళ్లీ వేరేగా కొనుక్కోమనడం ఏంటి?

---

బీసెంట్ రోడ్ బాబాయ్:

జవాబు నీ ప్రశ్నలోనే ఉంది అబ్బాయ్. రెండూ అచ్చం ఒకటే అన్నావు చూడు, అదే జబ్బు.

ఒక్క కోరు మీద నడిచే మాడ్యూళ్లని బైడై అంటారు. పోవడం రావడం రెండూ ఒకే పోగులో జరగాలి కాబట్టి పోయే వెలుగు ఒక రంగు, వచ్చే వెలుగు ఇంకో రంగు. మన కంటికి రెండూ కనపడవనుకో, రంగు అని మాటవరసకి అంటున్నాను. ఒక చివర 1310 నానోమీటర్లలో పంపి 1550లో వినేది ఉంటే, రెండో చివర 1550లో పంపి 1310లో వినేది ఉండాలి. నీ దగ్గర రెండూ 1310లో మాట్లాడుతున్నాయి, రెండూ 1550 కోసం చెవులు రిక్కించి కూర్చున్నాయి. ఎద్దుల జతలో దాపటిది వేరు, వలపటిది వేరు కదా, నీకు రెండూ దాపటివే కట్టారు.

లోపల ఒక సన్నటి ఫిల్టరు అద్దం ఏటవాలుగా ఉంటుంది. 1550 వస్తే దాన్ని వినే వైపు మళ్లిస్తుంది, 1310 వస్తే లేజర్ ఉన్న వైపుకే వదిలేస్తుంది. అందుకని అవతలి వెలుగు వచ్చినా నీ మాడ్యూలు దాన్ని చూడనే చూడదు. ఏదీ పాడైపోలేదు, భయపడకు. ఒకటి వెనక్కిచ్చి టీఎక్స్ (పంపేది) 1550, ఆర్‌ఎక్స్ (వినేది) 1310 ఉన్నది తెచ్చుకో. చాలావాటికి బయటికి లాగే పట్టీ 1310కి నీలం, 1550కి పసుపు ఉంటుంది. రంగు చూసి మోసపోకు, లేబుల్ చదివే తీసుకో.

గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. నెలకొకరైనా రెండు ఒకేరకం పట్టుకుని వస్తారు. కౌంటరు దగ్గర కుర్రాళ్లకి జత అంటే రెండు అనే తెలుసు.

---

పటమట పవర్‌కట్:

షాపుకి మళ్లీ పోయే ముందు ఒక చిట్కా. మాడ్యూలు మూతి ముందు సెల్‌ఫోన్ కెమెరా పెట్టి చూడు బ్రదర్, లేజర్ వస్తుంటే ఊదారంగు చుక్క కనపడుతుంది. టీవీ రిమోట్ అలాగే చూస్తాం కదా.

---

బ్రాడీపేట నాలుగో లైను:

పవర్‌కట్ గారూ, ఆ చిట్కా ఇక్కడ పనిచేయదండి. టీవీ రిమోట్ వెలుగు 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, ఫోన్ కెమెరా సెన్సరు సిలికాన్‌ది కాబట్టి దాన్ని కొంత పట్టుకుంటుంది. సిలికాన్ చూపు 1100 దాకే. 1310, 1550 దానికి చీకటే. ఏమీ కనపడలేదని మంచి మాడ్యూలుని చెత్తబుట్టలో వేసినవాళ్లని చూశాను. 850 మీద నడిచే, దగ్గరి దూరాలకి వాడే మల్టీమోడ్ మాడ్యూలైతే కొన్ని ఫోన్లలో మసగ్గా కనపడొచ్చు, అంతే. కెమెరా సంగతి సరే, కన్ను మాత్రం పెట్టకండి. ఈ 20 కిలోమీటర్లవి బలహీనమైనవే, కానీ కనపడని వెలుగు కాబట్టి రెప్ప వాల్చాలని కంటికి తెలియదు, అలవాటైతే రేపు పెద్ద మాడ్యూలు దగ్గర కూడా అదే చేస్తారు.

కాటారూమ్ తమ్ముడూ, మాడ్యూలు విషయం బాబాయ్ గారు తేల్చేశారు. నీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను. మాది గుంటూరే, ఇప్పుడు హైదరాబాద్‌లో డేటా సెంటర్ ఉద్యోగం, రోజుకి ఇవి ఇరవై ముప్పై పీకి పెడుతుంటాను.

ఈసారి మాడ్యూలు తీసినప్పుడు వెనక అంచు చూడు. బంగారు రంగు గీతలుంటాయి, మొత్తం 20 కాంటాక్టులు. గీతలన్నీ ఒకే పొడవు ఉండవు. లోపలికి తోసేటప్పుడు ముందు గ్రౌండు తగులుతుంది, తర్వాత కరెంటు, ఆ తర్వాతే డేటా. స్విచ్చు నడుస్తుండగా పెట్టినా తీసినా ఏమీ కాలకపోవడానికి కారణం ఆ చిన్న పొడవు తేడాయే. కరెంటు 3.3 వోల్టులు, ఇలాంటి 1జి మాడ్యూలు తినేది ఒక వాటు లోపే.

స్విచ్చు చిప్పు ఇచ్చేది ఎలక్ట్రికల్ సిగ్నల్. మాడ్యూల్లో డ్రైవరు చిప్పు దాన్ని తీసుకుని లేజర్‌ని ఎక్కువ తక్కువ చేస్తూ వెలిగిస్తుంది. లేబుల్ మీద 1.25జి అని చూసి షాపువాడు ఎక్కువ స్పీడుది ఇచ్చాడని సంబరపడకు. పంపేటప్పుడు ప్రతి 8 బిట్లనీ 10 బిట్లుగా మార్చి పంపుతారు, వరసగా అన్నీ సున్నాలే వచ్చి అవతలివాడు లెక్క తప్పకుండా. అందుకని 1జి డేటాకి తీగ మీద 1.25జి. అంటే ఆ గోరంత లేజర్ సెకనుకి 125 కోట్ల బిట్ల లెక్కన మినుకుతోంది. వినే వైపు ఒక ఫోటోడయోడ్, వచ్చిన కాస్త వెలుగుని కరెంటుగా మారుస్తుంది, దాని వెనక యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్విచ్చు చిప్పుకి అందిస్తుంది. ఇంతే. ప్యాకెట్ అంటే ఏంటో, ఐపీ అంటే ఏంటో దీనికి తెలియదు. చెప్పింది చెప్పినట్టు ఇటు నుంచి అటు చేర్చే దుబాసీ.

అయితే దాంట్లో ఇంకో చిన్న చిప్పు ఉంటుంది, దాని గురించే ఎవరూ పట్టించుకోరు. రెండు తీగల మీద స్విచ్చు దాన్ని పలకరిస్తుంది, నువ్వెవరు అని. తయారీదారు పేరు, పార్టు నంబరు, సీరియల్ నంబరు, తయారైన తేదీ, ఎన్ని నానోమీటర్లు, ఎంత దూరం, అన్నీ చెప్తుంది. పేరుకి 16 అక్షరాల చోటే ఉంటుంది, అందుకే పెద్ద పేర్లు మధ్యలో తెగి కనపడతాయి. చాలా మాడ్యూళ్లు ఒంట్లో వేడి ఎంత, వోల్టేజీ ఎంత, లేజర్‌కి ఎంత కరెంటు పోతోంది, ఎంత వెలుగు పంపుతున్నాను, ఎంత వెలుగు అందుతోంది, ఈ ఐదూ ఎప్పటికప్పుడు చెప్తాయి. దాన్నే డీడీఎం అంటారు, కొన్ని స్విచ్చుల్లో డీఓఎం అని ఉంటుంది. నీ స్విచ్చులో వెబ్ పేజీ తెరుచుకుంటే వెతుకు. ఈ చివర అందే వెలుగు సున్నా మిల్లీవాట్లు, లేదా మైనస్ 40 డీబీఎం (వెలుగు కొలత) అని ఉండి, పంపే వెలుగు మాత్రం మామూలుగా ఉంటే అక్కడే సగం తేలిపోతుంది. కేబులు మనిషినీ షాపువాడినీ అడిగే ముందు మాడ్యూలునే అడగాలి, అది అబద్ధం చెప్పదు.

ఇక ఖాళీ గూడు ఎందుకంటే, కంపెనీకి నీ గేటు ఎంత దూరమో తెలియదు కదా. ఒకడికి పక్క గదికి 850 నానోమీటర్ల మల్టీమోడ్ కావాలి, 1జికి మంచి మల్టీమోడ్ కేబులు మీద 550 మీటర్లు వస్తుంది. ఒకడికి 10 కిలోమీటర్లు, ఒకడికి 80. ఇంకొకడికి రాగి తీగే కావాలి. అన్నిటికీ వేరే వేరే స్విచ్చులు చేయడం కంటే గూడు ఒకటి చేసి ఊరుకోవడం నయం. అంతకు ముందు జీబీఐసీ అని ఉండేవి, వీటికి రెట్టింపు లావు. చిన్న సైజు కోసం కంపెనీలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి, ఆ పత్రం 2001 నాటిది. ఆ గూడు కొలతలు అప్పటి నుంచి అలాగే ఉన్నాయి. అదే సైజులో తర్వాత 10జి ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ వచ్చింది, 25జి ఎస్‌ఎఫ్‌పీ28 వచ్చింది. ఇంకా వేగం కావాలంటే నాలుగు దారులు పక్కపక్కన పెట్టిన క్యూఎస్‌ఎఫ్‌పీ, ఒక్కో దారి 10 అయితే 40జి, 25 అయితే 100జి. ఎనిమిది దారులుండి ఒక్కోటి 50 అయితే 400జి. మా దగ్గర ఆ పెద్దవి ఒక్కోటి పది పదిహేను వాట్లు తింటాయి, పీకితే చెయ్యి చురుక్కుమంటుంది.

లేజర్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు అరుగుతుంది. గూడు ఉంటే డబ్బా మార్చుకుంటావు, లేకపోతే స్విచ్చు మొత్తం మార్చాలి. ఓనరు గారికి ఈ ఒక్క ముక్క చెప్పు, అర్థమవుతుంది.

---

పటమట పవర్‌కట్:

కెమెరా విషయం తెలియదు, తప్పు ఒప్పుకుంటున్నాను. ఇంకోటి అడుగుతాను. మా ఇంటికి వచ్చే ఇంటర్నెట్ ఫైబర్‌ని నెట్ కంపెనీవాళ్లు బిగించిన డబ్బాలోంచి పీకి నేరుగా ఇలాంటి ఎస్‌ఎఫ్‌పీకి పెడితే ఆ డబ్బా గోల తప్పుతుంది కదా?

---

బ్రాడీపేట నాలుగో లైను:

దయచేసి పెట్టకండి. ఇంటికి వచ్చేది మామూలుగా జీపాన్ అనే వేరే పద్ధతి, ఈ స్విచ్చుల్లో నడిచే ఈథర్‌నెట్ కాదు. మీ వీధిలో స్ప్లిటర్ దగ్గర 32 ఇళ్లో 64 ఇళ్లో ఒకే పోగుని పంచుకుంటాయి. అటు నుంచి 1490లో అందరికీ వస్తుంది, మీరు 1310లో పంపాలి, అదీ మీ వంతు వచ్చిన ఆ కాస్త సమయంలోనే. మామూలు ఎస్‌ఎఫ్‌పీకి వంతు గింతు తెలియదు, పెట్టగానే ఆగకుండా వెలుగు పోస్తూనే ఉంటుంది. మీకు నెట్ రాదు సరికదా, మీ వీధిలో అందరిదీ పోతుంది.

---

కాటారూమ్ కుర్రాడు:

బాబాయ్, మీ నోట్లో పంచదార పొయ్యాలి. నిన్న మళ్లీ వెళ్లి 1550 పంపేది తెచ్చాను (షాపువాళ్లు మార్చి ఇచ్చారు, కాకపోతే అప్పుడే చెప్పొచ్చుగా అన్నట్టు మొహం పెట్టారు, చెప్పాల్సింది ఎవరో మరి). పెట్టగానే లింకు లైటు వెలిగింది. కాటా బరువు ఆఫీసులో పడుతోంది.

కానీ పూర్తి సంతోషం లేదు. గంటకి నాలుగైదుసార్లు లైటు ఆరి మళ్లీ వెలుగుతోంది. కాటా రూము తలుపు ధడేల్మని వేస్తే కూడా ఒకోసారి పోతోంది. అక్కా, మీరు చెప్పిన పేజీ దొరికింది. ఆఫీసు వైపు 1310 పంపేది పెట్టాను, గేటు వైపు 1550ది.

ఆఫీసులో పంపేది మైనస్ 6.1 డీబీఎం, అందేది మైనస్ 22.6. గేటు దగ్గర పంపేది మైనస్ 5.9, అందేది మైనస్ 22.4. వేడి ఆఫీసులో 41, గేటు దగ్గర 63 డిగ్రీలు.

ఈ మైనస్సులు చూస్తే నాకేమీ అర్థం కాలేదు. మాడ్యూలు కాగితం మీద వినే శక్తి మైనస్ 23 అని రాసుంది. ఇంకా దానికంటే పైనే ఉంది కదా, మరి లింకు ఎందుకు పోతోంది?

---

బ్రాడీపేట నాలుగో లైను:

శభాష్, రెండు వైపులవీ రాశావు కాబట్టి పని సులువైంది.

డీబీఎం అంటే ఇలా గుర్తుపెట్టుకో. సున్నా అంటే ఒక మిల్లీవాటు. మైనస్ 10 అంటే అందులో పదో వంతు, మైనస్ 20 అంటే నూరో వంతు, మైనస్ 30 వెయ్యో వంతు. ప్రతి 3కీ సగం అవుతుంది. రెండు అంకెల మధ్య తేడాని డీబీల్లో చెప్తారు. మైనస్ 23 అంటే ఆ మాడ్యూలు వినగలిగే చివరి గుసగుస. ఆఫీసులో నీకు అందేది దానికి అర డీబీ కూడా దూరంలో లేదు. అంత అంచు మీద ఉంటే తలుపు ఊపుకి కనెక్టరు కాస్త కదిలినా పోతుంది.

ఇప్పుడు అసలు ఎంత అందాలో లెక్క వేద్దాం. సింగిల్ మోడ్‌లో కిలోమీటరుకి 1310 దగ్గర 0.35 డీబీ పోతుంది, 1550 దగ్గర ఇంకా తక్కువ, 0.2 పైచిలుకు. నీ 650 మీటర్లకి పావు డీబీ కూడా లేదు, లెక్కలోకే రాదు. స్ప్లైసులు రెండు, ఒక్కోటి 0.1. కనెక్టర్లు రెండు చివర్లా కలిపి మహా అయితే ఒకటి, ఒకటిన్నర. అంటే మైనస్ 6 బయలుదేరితే మైనస్ 8 దగ్గర చేరాలి. నీకు మైనస్ 22 చేరింది. పధ్నాలుగు డీబీ పైనే ఎక్కడో కారిపోతోంది, అంటే చేరాల్సిన వెలుగులో పాతికో వంతు ముప్పయ్యో వంతు మాత్రమే చేరుతోంది.

ఇక ఎక్కడ అనేది. రెండు మాడ్యూళ్లూ పంపాల్సినంత పంపుతున్నాయి, కాబట్టి అవి మంచివే. రెండు వైపులా పోయింది దాదాపు సమానం, కాబట్టి దారిలోనే ఎక్కడో ఉంది, వినే చెవుల్లో కాదు. ఇంకో మాట, కేబులు ఎక్కడైనా మూలలో మరీ గట్టిగా వంగి ఉంటే 1550 వెలుగు 1310 కంటే బాగా ఎక్కువ పోతుంది, వంపు దగ్గర పొడవు తరంగమే ముందు బయటికి జారిపోతుంది. నీకు 1550 వెళ్లిన వైపూ 1310 వెళ్లిన వైపూ ఒకేలా తగ్గాయి. అందుకని వంపు కాదు. నా పందెం కనెక్టరు మీద. డబ్బాలో నీ ప్యాచ్ కార్డు వెళ్లి కలిసే చోట రెండు వైపులా ఏ రంగులున్నాయో చూసి చెప్పు.

---

ఆటోనగర్ స్ప్లైసర్:

అక్క చెప్పేశారు, నేనూ అదే అనబోతున్నాను. మా పనివాళ్లు రోజూ ఇళ్ల కనెక్షన్లే వేస్తారు, సంచిలో ఉండేవన్నీ ఆకుపచ్చ మూతి పిగ్‌టెయిల్సే (డబ్బాలో కేబులుకి అతికించే, ఒక చివర కనెక్టరున్న పొట్టి ఫైబర్ ముక్కలు). ఆకుపచ్చ అంటే ఏపీసీ, లోపలి గాజు మొన 8 డిగ్రీలు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. నీలం అంటే యూపీసీ, మొన తిన్నగా ఉంటుంది. ఎస్‌ఎఫ్‌పీలకి వాడే ఎల్‌సీ (చిన్న సైజు కనెక్టరు) ప్యాచ్ కార్డులు నీలమే. నీలాన్ని ఆకుపచ్చకి పెడితే చక్కగా టిక్కుమని కూర్చుంటుంది, అదే బాధ. కూర్చుంటుంది కానీ లోపల రెండు మొనలూ అతుక్కోవు, ఏటవాలు వల్ల మధ్యలో గాలి సందు ఉండిపోతుంది, నాలుగైదు డీబీ అక్కడే గోవిందా. పైగా గట్టిగా నొక్కితే మొనలు చెక్కుకుపోతాయి.

ఎర్ర పెన్ను వెలుగు వచ్చిందంటే తీగ తెగలేదని మాత్రమే అర్థం. ఎంత వచ్చిందో అది చెప్పదు. మా వాళ్లు దాన్నే టెస్టింగ్ అంటారు, సిగ్గుగానే ఉంది ఒప్పుకోడానికి. పవర్ మీటరు పెట్టి నంబరు రాసివ్వమని అడగాల్సింది.

---

బీసెంట్ రోడ్ బాబాయ్:

అందరూ రంగుల దగ్గరే ఆగారు. అబ్బాయ్ పని చేసేది ఎక్కడో మర్చిపోయారా? మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆ గాలిలో అడుగు పెడితేనే తుమ్ములు. సింగిల్ మోడ్ పోగులో వెలుగు పోయే దారి 9 మైక్రాన్లు. తల వెంట్రుక దానికి ఏడెనిమిది రెట్లు లావు. మిర్చి దుమ్ము రేణువు ఒక్కటి దాని మీద కూర్చుంటే కాలవకి బండరాయి అడ్డం పడ్డట్టే. ప్యాచ్ కార్డు ప్లాస్టిక్ టోపీలు తీసి ఎక్కడ పెట్టావు? కాటా రూము కిటికీ మీద గంటసేపు వదిలేశావా?

తుడవకుండా ఏదీ పెట్టొద్దు. నోటితో ఉఫ్ అని ఊదొద్దు, తుంపర్లు పడి ఇంకా పాడవుతుంది. చొక్కా అంచుతో అసలొద్దు. క్లిక్ పెన్ను లాంటి క్లీనరు దొరుకుతుంది, దానికి డబ్బులు లేవంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూగు రాలని ప్రత్యేకమైన తుడుపు కాగితం. డబ్బా లోపలి మొన కూడా తుడవాలి, ఒకటి తుడిచి మురికి దానికి తగిలిస్తే మొదటికొస్తుంది.

గేటు దగ్గర 63 డిగ్రీలు కూడా చూసుకో. మామూలు మాడ్యూళ్లు 70 దాకే. ఇప్పుడే 63 అంటే మే నెల మధ్యాహ్నం రేకుల కాటా రూములో, తలుపేసిన ఇనప డబ్బాలో ఎంతవుతుందో నేను చెప్పక్కర్లేదు. వేడెక్కేకొద్దీ అంతే వెలుగు ఇవ్వడానికి లేజర్ ఎక్కువ కరెంటు తాగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. 85 డిగ్రీలు తట్టుకునే ఇండస్ట్రియల్ రకం ఉంటుంది, కాస్త ఖరీదు. కొనలేకపోతే ముందు ఆ డబ్బాని ఎండ తగిలే గోడ మీద నుంచి లోపలి గోడకి మార్చండి, మూతకి చిల్లులు పెట్టండి. దుమ్ము పోకుండా చిల్లులకి జాలీ.

---

కాటారూమ్ కుర్రాడు:

బాబాయ్, మీరు సీసీ కెమెరాలో చూసినట్టు చెప్పారు. టోపీలు తీసి కిటికీ మీదే పెట్టాను, ఆ పూట లారీ దిగుమతి జరుగుతోంది.

ఈ రోజు చేసింది రాస్తున్నాను. గేటు డబ్బాలో ప్యాచ్ కార్డు లాగి ఫోన్ టార్చి వేసి జూమ్ చేసి చూస్తే తెల్ల ఫెరూల్ (గాజు మొనని పట్టి ఉంచే సన్న గొట్టం) అంచుకి సన్నగా ఎర్రటి పొడి, వేలికి అంటించి వాసన చూస్తే మిరప్పొడే. క్లిక్ క్లీనరు విజయవాడ నుంచి బస్సులో పార్సిల్ తెప్పించాను. నాలుగు మొనలూ తుడిచి పెడితే ఆఫీసులో మైనస్ 22.6 ఉన్నది మైనస్ 13.1కి వచ్చింది. నమ్మలేక తీసి మళ్లీ పెట్టాను, అంతే. ఒట్టి దుమ్ముకి తొమ్మిదిన్నర డీబీ!

రంగుల సంగతి కూడా నిజమే. ఆఫీసు డబ్బాలో నీలం నీలం ఉంది, గేటు డబ్బాలో లోపల ఆకుపచ్చ. అక్కడ నీలం పిగ్‌టెయిల్స్ అయిపోతే ఉన్నది అతికించారట. కేబులు మనిషిని పిలిచి ఈ నంబరు చూపించాను. ముందు వాదించాడు, తర్వాత స్విచ్చు పేజీ వంక కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి స్ప్లైసింగ్ మెషీను తెచ్చి నీలం పిగ్‌టెయిల్ వేసి ఇచ్చాడు, డబ్బులు కూడా అడగలేదు. ఇప్పుడు ఆఫీసులో మైనస్ 8.2, గేటు దగ్గర మైనస్ 8.0. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా పోలేదు. తలుపు కావాలని పదిసార్లు వేసి చూశాను.

ఇనప డబ్బా రేపు మారుస్తాను. ఇంకో చిన్న అనుమానం. మిగిలిన మూడు కోర్లలో ఒకదాన్ని గేటు కెమెరాలకి వాడదామంటున్నారు ఓనరు గారు. ఆఫీసులో ఇంకో బ్రాండు పెద్ద స్విచ్చు వస్తోంది, ఈ షాపు మాడ్యూళ్లే దాంట్లోకీ పనికొస్తాయా? దాంట్లో పోర్టులు 10జి అట.

---

బ్రాడీపేట నాలుగో లైను:

మైనస్ 8 అని నేను చెప్పిన లెక్క నిలబడింది, థాంక్స్ తమ్ముడూ, ఆఫీసులో అందరికీ చూపించాను.

10జి గూడులో 1జి మాడ్యూలు చాలా స్విచ్చుల్లో నడుస్తుంది, కానీ పోర్టు వేగం నువ్వే 1జి అని పెట్టాల్సి రావచ్చు, దానంతట అది సర్దుకుంటుందని అనుకోకు. తిరగేసి 1జి గూడులో 10జి మాడ్యూలు పెడితే దూరుతుంది కానీ నడవదు. బ్రాండు సంగతి వేరు. కొన్ని పెద్ద బ్రాండ్ల స్విచ్చులు ఇందాక చెప్పిన చిన్న చిప్పుని పలకరించి, తమ పేరు లేకపోతే పోర్టే మూసేస్తాయి. లేజర్ అదే, అద్దం అదే, ఆ 16 అక్షరాల దగ్గర పేచీ. కొన్నిటిలో సెట్టింగు మారిస్తే ఒప్పుకుంటాయి. అందుకని స్విచ్చు మోడల్ నంబరు చెప్పి దానికి కోడింగు చేసిన (అంటే చిన్న చిప్పులో ఆ బ్రాండు పేరు రాసిన) మాడ్యూలు ఇమ్మని షాపులో అడుగు, చాలామంది చేసిస్తారు. ఒక చివర ఒక బ్రాండు, రెండో చివర ఇంకో బ్రాండు అయినా పర్వాలేదు, మధ్యలో పోయే వెలుగుకి పేరు ఉండదు. వేగం, నానోమీటర్లు కుదిరితే చాలు.

ఈసారి జత అనకుండా, ఒకటి 1310 పంపేది, ఒకటి 1550 పంపేది అని కాగితం మీద రాసుకుని వెళ్లు.

---

బీసెంట్ రోడ్ బాబాయ్:

రాసుకుని నా దగ్గరికి రా. వచ్చేటప్పుడు అర కిలో మిరపకాయలు తెచ్చావంటే క్లీనరు కాట్రిడ్జి ఊరికే ఇస్తాను. మిరపకాయలు మాత్రం సంచిలో గట్టిగా మూతి కట్టి తీసుకురా, నా కౌంటరు మీద కూడా మాడ్యూళ్లున్నాయి.